ఆరని చిరుజ్వాల

అగ్గిపెట్టె అపురూపమైన దినములలో మన ఇండ్లయందు రాత్రివేళ పొయ్యిలోని నిప్పును బూడిదతో కప్పి దాచెడివారు. తెల్లవారి నివురు విదిల్చి, పిడక తుంపు పెట్టి ఊదిన మంట మరల లేచెడిది. ఆరినచో పొరుగింటికి పోయి నిప్పు అడిగి తెచ్చుకొనవలసినదే. చలిదేశములలో, ముఖ్యముగా అమెరికాలో, ఇంటిని వెచ్చచేయు గ్యాసు ఫర్నేసునందు ఇరువదవ శతాబ్దమున బహుకాలము వెలిగిన పైలెట్ దీపము ఈ నివురుగప్పిన నిప్పునకు దూరపు చుట్టము.

అది చిటికెనవ్రేలంత నీలిమంట. రేయింబవళ్లు వెలుగుచునే యుండును. గది చల్లబడగనే థర్మోస్టాట్ ఆజ్ఞ నిచ్చును, గ్యాసు కవాటము తెరచుకొనును, వెడలిన గ్యాసునకు ఈ మంట తగిలి పెద్ద బర్నరు అంటుకొనును. అర్ధరాత్రి నేలమాళిగకు దిగి అగ్గిపుల్ల గీయవలసిన పని లేదు.

కాని ఆ చిరుజ్వాలయే ఆరిపోయినచో? ఒక్క గాలివిసరు చాలును, సన్నని గొట్టమున చేరిన మురికి చాలును. ఆ సంగతి ఎరుగని కవాటము యథాప్రకారము తెరచుకొనును, అంటుకొనని గ్యాసు ఇల్లెల్ల నిండును. సహజవాయువునకు స్వతః వాసన యుండదు. 1937 మార్చి 18వ తేదీన టెక్సాసులోని న్యూ లండన్ పాఠశాలలో నేల క్రింద చేరిన గ్యాసు నిప్పురవ్వ సోకి ప్రేలగా సుమారు మూడు వందలమంది మరణించిరి. వారిలో అత్యధికులు బాలబాలికలు. అది పైలెట్ దీపము తెచ్చిన ముప్పు కాదు, గ్యాసు కారుట వలన కలిగిన ఘోరము. గ్యాసునకు దుర్వాసన కలుపవలెనను శాసనము టెక్సాసులో ఆ పిమ్మటనే వచ్చినది. నేడు మన వంటగ్యాసు సిలిండరు నుండి వచ్చు వాసనయు అట్లు కలిపినదే.

మనుష్యునకు ముక్కు కలదు, కవాటమునకు లేదు. జ్వాల యున్నదో లేదో దానికెవరు చెప్పవలెను? ఈ ప్రశ్నకు జవాబు, ప్రశ్న పుట్టుటకు ఎంతో మునుపే సిద్ధముగా నుండెను. 1821లో బెర్లినులో థామస్ యోహాన్ సీబెక్ అను శాస్త్రజ్ఞుడు రెండు వేర్వేరు లోహముల తునకలను కొసలు కలిపి వలయముగా చేసి, ఒక అతుకును వేడిచేసెను. చెంతనున్న దిక్సూచి ముల్లు కదలెను. వేడి వలన అయస్కాంతత్వము పుట్టినదని ఆయన తలచెను. నిజమునకు పుట్టినది విద్యుత్ప్రవాహము. ఇతరులు చెప్పినను ఆయన సమ్మతింపలేదు. తాను కనుగొన్నది ఏమో తానే ఒప్పుకొనని ఆ పండితుని ప్రయోగము, కోట్లాది గృహములకు కావలి కాచినది!

ఆ కావలి పేరు ఉష్ణయుగ్మము, వాడుకలో థర్మోకపుల్. దాని కొస పైలెట్ మంటలో నుండును. అందు పుట్టు విద్యుచ్ఛక్తి వోల్టులో సుమారు నూరింట మూడు వంతులు, టార్చిలైటు ఘటమున ఏబదవ వంతు. అంతమాత్రపు శక్తి కవాటమును ఎత్తజాలదు, ఎత్తిన దానిని పట్టియుంచ మాత్రము గలదు. నాకీ యంత్రమున మిక్కిలి నచ్చిన అంశమిదియే. దీపమును వెలిగించునపుడు మీటను అరనిమిషమో నిమిషమో చేతితో అదిమి పట్టవలసి వచ్చుటకు కారణమును ఇదియే. అతుకు వేడెక్కువరకు మన వ్రేలే అయస్కాంతము. మంట ఆరెనా, అతుకు చల్లబడును, ప్రవాహము తగ్గును, స్ప్రింగు కవాటమును మూయును. మీట వదలగనే దీపము మరల మరల ఆరుచున్నచో తరచు దోషము జ్వాలది కాదు, అరిగిన థర్మోకపుల్‌ది.

ఇంత నమ్మకమైన కావలికి అంతము ప్రమాదము వలన రాలేదు, లెక్కల వలన వచ్చినది. సంవత్సరమునకు 8,760 గంటలు. ఫర్నేసుతో పనిలేని వేసవిలోను ఈ మంట వృథాగా గ్యాసును కాల్చుచునే యుండెను. 1973 నాటి చమురు సంక్షోభము పిమ్మట ఈ దుబారా అమెరికన్ల కంటబడినది. 1992 నుండి అచ్చట క్రొత్త ఫర్నేసులకు ఇంధనపొదుపు ప్రమాణములు నిర్బంధమగుటతో, నిత్యము వెలుగు దీపమునకు బదులు విద్యుత్తుతో అప్పటికప్పుడు నిప్పు పుట్టించు సాధనములు వ్యాపించినవి.

అయితే వాటికి కరెంటు కావలెను. తమ జ్వాల పుట్టించు విద్యుత్తుతోనే నడచు పాతకాలపు గోడ హీటర్లు కొన్ని ఇంకను మిగిలియున్నవి. మంచు తుపానులో తీగలు తెగి ఊరంతయు చీకటియైన రాత్రి, అవి మాత్రము వెలుగుచునే యుండును.