తూటా చుట్టిన చేతులు

(పనీ కులమూ చరిత్రా: 11వ భాగం)



పోయిన వారం డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో నవల పాఠం మధ్యలో 1857 ప్రస్తావన వచ్చింది. అందరికీ తెలిసిన కథే. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలను పళ్లతో కొరకమన్నారు, సిపాయిలు తిరగబడ్డారు. వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, "సార్, కొరికినోళ్ల సంగతి సరే, వాటిని చేసినోళ్లు ఎవరు? వాళ్ల కులం పోలేదా?" అని అడిగింది. క్లాసంతా నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. తూటా అనగానే ఇప్పుడు మన కళ్ల ముందు ఇత్తడి గొట్టం కనిపిస్తుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీ కాలంలో తూటా అంటే కాగితం పొట్లం. గుండ్రటి కర్ర మీద కాగితం చుట్టి, ఒక కొసన సీసం గుండు పెట్టేవారు. దానికి ఎగువన కొలిచిన మందు పోసి, పై కొసను మెలిపెట్టేవారు. గుండు ఉన్న కొసను కరిగిన కొవ్వూ మైనమూ కలిపిన జిడ్డులో ముంచేవారు. సిపాయి పై కొసను పళ్లతో చింపి మందును గొట్టంలో పోయాలి. తర్వాత పొట్లం తిరగేసి జిడ్డు కొసను దూర్చి, కడ్డీతో కిందికి దిగ్గొట్టాలి. గొట్టం లోపల మెలికల గాళ్లుంటాయి. కాలిన మందు మసి వాటిలో పేరుకుంటుంది. జిడ్డు లేకపోతే గుండు దిగదు.

గమనించారా? కొరికే కొస వేరు, కొవ్వు పూసిన కొస వేరు. అయితే పొట్లాలన్నీ ఒకే కట్టలో ఉన్నప్పుడు జిడ్డు ఒక్క కొసనే ఉంటుందని ఎవరు నమ్ముతారు? సిపాయి భయం ఉత్త భ్రమ అని నేను అనను. ఏ జంతువు కొవ్వు వాడాలో కంపెనీ పట్టించుకోలేదు. అది వాళ్ల తప్పే.

ఈ పొట్లాలు చుట్టే పని చవక చేతులు చేసే పని. అదే కాలపు అమెరికా చూడండి. అంతర్యుద్ధంలో పిట్స్‌బర్గ్ దగ్గరి అలెఘెనీ ఆయుధాగారంలో తూటాలు చుట్టింది ఎక్కువగా పేదింటి ఆడపిల్లలు. 1862 సెప్టెంబర్ 17న అక్కడ మందు పేలి 78 మంది చనిపోయారు. 1864 జూన్ 17న వాషింగ్టన్ ఆయుధాగారంలో ఇంకో పేలుడు, 21 మంది ఆడవాళ్లు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాల వాళ్లు. వాషింగ్టన్‌లో వాళ్ల అంత్యక్రియలకు లింకన్ కూడా వెళ్లాడు. ఆ యుద్ధంలో కాల్చిన సైన్యాధికారుల పేర్లు బడిపిల్లలకు కూడా తెలుసు. చుట్టినవాళ్ల పేర్లు సమాధి రాళ్ల మీద ఉన్నాయి.

మన దగ్గర ఆ రాయి కూడా లేదు.

ఇప్పుడు కలకత్తా విమానాశ్రయం ఉన్న డమ్‌డమ్ దగ్గరే అప్పుడు కంపెనీ ఆయుధాగారం ఉండేది. కొత్త రైఫిల్ వాడకం నేర్పే మూడు కేంద్రాల్లో అదొకటి. మిగతా రెండూ అంబాలా, సియాల్‌కోట్. 1857 జనవరి 22న కెప్టెన్ రైట్ అనే అధికారి డమ్‌డమ్ నుంచి పైవాళ్లకు ఒక లేఖ రాశాడు. అందులో ఉన్నది ఇది. ఆయుధాగారంలో పనిచేసే ఖలాసీ ఒకడు ఒక సిపాయిని చెంబులో నీళ్లు అడిగాడు. అతని కులమేమిటో తనకు తెలియదంటూ సిపాయి ఇవ్వలేదు. దానికి ఖలాసీ, త్వరలో నీ కులమెలాగూ పోతుంది, ఆవు కొవ్వూ పంది కొవ్వూ పూసిన తూటాలు కొరకబోతున్నావుగా అన్నాడు. (ఖలాసీ అంటే మన విశాఖ రేవులో కళాసీ అంటాం చూడండి, ఆ మాటే.) సంగతి సిపాయిల మధ్య పాకింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే, మే 10న మీరట్ తిరుగుబాటు, మిగతాదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది.

ఆ ఖలాసీకి దాహం తీరిందో లేదో లేఖలో లేదు. పేరూ లేదు.

సామ్రాజ్యాన్ని వణికించిన మాట మొదలైంది ఒక చెంబు దగ్గర. ఆ మాట అన్నవాడు కొవ్వుకు భయపడినవాడు కాదు. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు తీసి, లందలో ఊరేసి, చెప్పులూ మోట బొక్కెనలూ కుట్టిన ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సిపాయి తూటాలు దాచుకునే సంచీ కూడా తోలుదే. తోలు భుజాన వేలాడితే కులం పోలేదు, కొవ్వు నోటికి తగిలితే పోతుంది! అంతకు ముందు 1806లో వేలూరు సిపాయిలు తిరగబడటానికి ఒక కారణం కొత్త తలపాగాకు పెట్టిన తోలు కుచ్చు. తల మీదికి వచ్చినా పోతుందన్నమాట. ఏ అవయవానికి ఎంత మైల అన్న లెక్క మనువు శిష్యులకే తెలియాలి.

ఉత్తరాది దళిత కరపత్రాలూ చిన్న పుస్తకాలూ ఈ ఖలాసీకి మాతాదీన్ భంగీ అని పేరు పెట్టాయి. నీళ్లు ఇవ్వనన్నది మంగళ్ పాండేనే అని చెబుతాయి. ఈ ప్రజా జ్ఞాపకం మీద బద్రీ నారాయణ్ విలువైన పని చేశారు. నాకు ఆ పేరంటే ప్రేమ. కానీ రైట్ లేఖలో మాతాదీన్ లేడు, మంగళ్ పాండే కూడా లేడు. పేరు లేనివాడికి పేరు పెట్టుకోవడం మన హక్కు. ఆ పేరు రికార్డులో ఉందని పరీక్షలో రాస్తే మాత్రం మార్కులు వెయ్యను.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అంబేడ్కర్ దృష్టిలో కంపెనీకి దేశాన్ని గెలిచిపెట్టిన బొంబాయి, మద్రాసు సైన్యాల్లో అంటరానివారిదే పెద్ద పాత్ర. 1857ను అణచడంలో కూడా ఆ సైన్యాలే తోడ్పడ్డాయని ఆయన దాచకుండా రాశాడు. ఆయన తండ్రి రాంజీ ఆ సైన్యంలో సుబేదారు. హిందుస్తానీలో సిపాయికి 'తిలంగా' అన్న పేరు వచ్చింది మన తెలుగు నేల నుంచే. ఈ చరిత్రలో మనం ఒక్క వైపే నిలబడి లేం.

నలభై ఏళ్ల తర్వాత డమ్‌డమ్ పేరు మళ్లీ లోకమంతా వినిపించింది. ఈసారి సంగతి కొరికే నోటిది కాదు, గుండు దిగే ఒంటిది. బ్రిటిష్ సైనికవర్గాల్లో ఒక కథ ఉండేది. 1857లో ఓ అధికారి కోల్ట్ నేవీ రివాల్వర్‌తో (0.36 అంగుళాలది, ఒక్కో గదిలో మందూ గుండూ చేత్తో కూరుకోవాల్సిందే) తిరుగుబాటుదారుడిని వరసగా కాల్చినా, అతను ఆగకుండా వచ్చి కత్తితో నరికేశాడట. రివాల్వర్ గుండు పెద్దది కావాలన్న వాదనకు ఈ కథ వాడుకున్నారు. 1887లో సైన్యానికి 0.455 వెబ్లీ వచ్చింది. 1897 ప్రాంతంలో డమ్‌డమ్ కార్ఖానాలో కెప్టెన్ బెర్టీ-క్లే 0.303 రైఫిల్ గుండు ముక్కు మీది లోహపు తొడుగు తీసి, లోపలి సీసం బయటపెట్టాడు. ఒంట్లో దిగగానే అది పువ్వులా విచ్చుకుంటుంది. తిరా లోయలో అఫ్రీదీల మీద వాడారు. 1898లో వెబ్లీ రివాల్వర్‌కూ గుంట ముక్కు గుండు పెట్టి మార్క్ 3 తూటా తెచ్చారు. దాని ముద్దు పేరు 'మ్యాన్‌స్టాపర్', మనిషిని ఆపేది.

1899 హేగ్ సమావేశంలో ఈ గుండ్లను నిషేధించాలన్నారు. బ్రిటన్ తరఫున సర్ జాన్ ఆర్డా లేచి చెప్పిన వాదన సారం ఇది. నాగరిక సైనికుడు ఒక గుండు తగిలితే ఆగి వైద్యానికి వెళ్తాడు, అనాగరికుడు రెండు మూడు దిగినా ముందుకే వస్తాడు, కాబట్టి వాడికి వేరే గుండు కావాలి. చదువుతుంటే నాకు మనుస్మృతే గుర్తొచ్చింది. అందులో ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి శిక్ష. ఇక్కడ ఒంటిని బట్టి గుండు.

జూలై 29 నాటి ప్రకటన వచ్చినా బ్రిటన్ దానికి ఒప్పుకుంది 1907లోనే. మార్క్ 3 తూటాను మాత్రం 1900లో వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రకటన వర్తించేది కూడా ఒప్పుకున్న రాజ్యాల మధ్య యుద్ధాలకే. అఫ్రీదీలకు సంతకం పెట్టే కుర్చీ ఎవరూ వెయ్యలేదు.

వచ్చే భాగంలో 1890లలో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఎందుకు మానేశారో, దానిమీద గోపాల్ బాబా వలంగ్‌కర్ రాసిన అర్జీ గురించీ రాస్తాను. మీ ఇళ్లలో మందుగుండు కార్ఖానాల్లో పనిచేసిన తాతలు, అమ్మమ్మలు ఉంటే, వాళ్ల పేర్లు కామెంట్లలో రాయండి.

జై భీమ్.