అపెండిసైటిస్ ఉపద్రవాలు

అపెండిసైటిస్ ఉపద్రవాలు అనగా ఉండుకమునకు కలిగే తీవ్రశోథ వలన శస్త్రచికిత్సకు ముందు గాని, శస్త్రచికిత్స తరువాత గాని తలెత్తే ఇతర ఆరోగ్య సమస్యలు. ఉండుకమునే వైద్యులు అపెండిక్స్ అని వ్యవహరిస్తారు. తెలుగునాట ఈ వ్యాధికి "24 గంటల కడుపునొప్పి" అనే పేరు వాడుకలో ఉంది. ఆలస్యం తగదన్న హెచ్చరికగా ఈ పేరు ఉపయోగపడినా, దానిని అక్షరాలా తీసుకోరాదు. అందరిలోనూ 24 గంటలకే ఉండుకం పగలదు. అలాగే 24 గంటలు గడిచాక నొప్పి తగ్గినంత మాత్రాన అపాయం తప్పిపోయినట్లు కాదు. నొప్పి హఠాత్తుగా తగ్గడం కొన్నిసార్లు ఉండుకం చిల్లుపడిందనడానికి గుర్తు.

## ఉండుకము - శోథ కలిగే విధము

చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలిసేచోట, కడుపు కుడివైపు దిగువ భాగంలో, అంధనాళము అనే సంచివంటి భాగం ఉంటుంది. దానికి వానపాము ఆకారంలో వ్రేలాడే సన్నని గొట్టమే ఉండుకము. దీని ఒక కొన మూసుకొని ఉంటుంది. గట్టిపడిన మలపు ఉండ, ఉబ్బిన శోషరస కణజాలము, అరుదుగా నులిపురుగులు లేదా కణితి దీని ద్వారానికి అడ్డుపడవచ్చు. అప్పుడు లోపల ఊరే స్రావాలు బయటికి పోలేక పీడనం పెరుగుతుంది, సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. పీడనం మరింత పెరిగితే గోడలోని రక్తనాళాలు నొక్కుకొనిపోయి రక్తప్రసరణ తగ్గుతుంది.

నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలలో కుడివైపు దిగువకు మారుతుంది. ఆకలి మందగించడం, వికారం, వాంతి, స్వల్ప జ్వరం తోడవుతాయి. ఈ వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు గాని 10 నుండి 30 ఏళ్ళ మధ్యవారిలో ఎక్కువగా కనబడుతుంది.

## శస్త్రచికిత్సకు ముందు కలిగే ఉపద్రవాలు

### కుళ్ళుట, చిల్లుపడుట

రక్తప్రసరణ ఆగిన చోట ఉండుకపు గోడ నిర్జీవమై నల్లబడి కుళ్ళుతుంది. ఆ భాగం చిట్లి చిల్లుపడితే చీము, మలంతో కూడిన ద్రవం కడుపులోనికి ప్రవేశిస్తాయి. చిల్లు పడగానే ఉండుకంలోని పీడనం తగ్గుతుంది కనుక రోగికి కొద్దిసేపు ఉపశమనం కలిగినట్లు అనిపించవచ్చు. తరువాత నొప్పి కడుపంతా వ్యాపిస్తుంది, జ్వరం పెరుగుతుంది, నాడి వేగమవుతుంది. ఈ మధ్యకాలపు ఉపశమనాన్ని కోలుకోవడంగా భావించి వైద్యుని వద్దకు వెళ్ళడం మానుకొనేవారికి అపాయం ఎక్కువ.

అమెరికాలో జరిగి 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, లక్షణాలు మొదలైన 36 గంటల లోపు చిల్లుపడే అవకాశం 2 శాతానికి మించలేదు. ఆ తరువాత గడిచే ప్రతి 12 గంటలకు అది సుమారు 5 శాతంగా ఉన్నట్లు తేలింది. ఇవి సగటు లెక్కలే. కొందరిలో, ముఖ్యంగా మలపు ఉండ అడ్డుపడినవారిలో, ఇంతకంటే త్వరగా చిల్లుపడవచ్చు.

### ఉండుకపు ముద్ద

శోథ మొదలైన కొన్ని రోజులకు, ప్రేగుల మీద తెరవలె వ్రేలాడే కొవ్వుపొర, సమీపంలోని ప్రేగు చుట్టలు వచ్చి ఉండుకాన్ని చుట్టుకొని అతుక్కుపోతాయి. కుడివైపు పొత్తికడుపులో చేతికి తగిలే ముద్ద ఏర్పడుతుంది. వ్యాధిని ఒకచోట కట్టివేయడానికి శరీరం చేసే ప్రయత్నమిది. ఈ దశలో భాగాలు విడదీయరాకుండా అతుక్కొని ఉంటాయి కనుక, శస్త్రచికిత్సలో ప్రేగుకు గాయమయ్యే అవకాశం ఎక్కువ.

### చీముగడ్డ

చిల్లునుండి వెలువడిన చీము చుట్టూ పొర ఏర్పడి ఒకచోట నిలిస్తే చీముగడ్డ అవుతుంది. పగలు తగ్గి సాయంత్రం హెచ్చే జ్వరం, చలి, తగ్గని నొప్పి దీని లక్షణాలు. కటి కుహరంలో చేరిన చీము పురీషనాళాన్ని, మూత్రాశయాన్ని రేపుతుంది. అందువలన మాటిమాటికి జిగటతో విరేచనాలు, మూత్రంలో మంట కలుగవచ్చు. వీటిని సాధారణ విరేచనాలుగానో, మూత్రవ్యాధిగానో పొరబడే ప్రమాదం ఉంది.

### ఉదరవేష్టన శోథ

ఉదర కుహరాన్ని కప్పి ఉండే పలుచని పొరను ఉదరవేష్టనము అంటారు. చీము ఒకచోట ఆగక కడుపంతా వ్యాపించినప్పుడు ఈ పొరకు శోథ కలుగుతుంది. కడుపు చెక్కవలె బిగుసుకొంటుంది. రోగి కదలలేడు, దగ్గినా నొప్పి తీవ్రమవుతుంది. ప్రేగుల కదలిక స్తంభించి పొట్ట ఉబ్బుతుంది. సూక్ష్మజీవుల ప్రభావం రక్తం ద్వారా శరీరమంతటికీ పాకి సెప్సిస్‌గా మారితే రక్తపీడనం పడిపోయి, మూత్రపిండాలు మొదలైన అవయవాలు దెబ్బతింటాయి. ఈ వ్యాధిలో మరణాలకు ముఖ్యకారణం ఇదే.

### ద్వారసిర శోథ

ఇది అరుదైనదైనా ప్రమాదకరమైనది. ప్రేగులనుండి కాలేయానికి రక్తాన్ని చేర్చే ద్వారసిరలోనికి సూక్ష్మజీవులు చేరి, సిరలో రక్తం గడ్డకట్టడం, కాలేయంలో చీముగడ్డలు ఏర్పడడం జరుగుతుంది. తీవ్రమైన చలిజ్వరం, కొందరిలో పచ్చకామెర్లు దీని సూచనలు.

## అపాయం ఎక్కువగా గలవారు

* చిన్నపిల్లలు: ఐదేళ్ళ లోపువారు నొప్పి ఎక్కడో చెప్పలేరు. ప్రేగులపై కొవ్వుపొర పూర్తిగా ఎదగనందున చీము ఒకచోట ఆగక వ్యాపిస్తుంది. వీరిలో వ్యాధిని గుర్తించేసరికే చిల్లుపడి ఉండడం తరచు జరుగుతుంది.
* వృద్ధులు: వీరిలో నొప్పి, జ్వరం స్వల్పంగా ఉండి వ్యాధి మాత్రం ముదిరి ఉండవచ్చు. గుండెజబ్బు, మధుమేహం వంటివి కోలుకోవడాన్ని కష్టతరం చేస్తాయి.
* గర్భిణులు: వాంతులు, కడుపునొప్పి గర్భం వలననే అనుకొనే అవకాశం ఉంది. పెరుగుతున్న గర్భాశయం వలన నొప్పి ఉండే చోటు కూడా మారవచ్చు. ఉండుకం చిల్లుపడితే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం బాగా పెరుగుతుంది.

## ఆలస్యానికి దారితీసే అలవాట్లు

కడుపునొప్పిని అజీర్ణంగా భావించి ఆముదం లేదా విరేచనాల మందు పుచ్చుకోవడం, ఎనీమా ఇవ్వడం ఈ వ్యాధిలో ప్రమాదకరం. ప్రేగుల కదలికను బలవంతంగా పెంచడం వలన ఉండుకం చిల్లుపడే అవకాశం హెచ్చుతుంది. ఇంటివద్ద నొప్పిమాత్రలు మింగుతూ రోజులు గడపడం కూడా తగదు. ఆసుపత్రిలో పరీక్షించిన పిమ్మట వైద్యులు ఇచ్చే నొప్పిమందుల విషయం వేరు, వాటివలన రోగనిర్ధారణకు భంగం కలుగదు.

ఇంటివద్ద జరిగే ఆలస్యానికి, ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో వేచి ఉండడానికి తేడా ఉంది. చిక్కులేని అపెండిసైటిస్‌లో శస్త్రచికిత్సను 8 గంటల లోపు చేసినా, 24 గంటల లోపు చేసినా చిల్లుపడడంలో చెప్పుకోదగిన తేడా లేదని ఫిన్లాండ్, నార్వే దేశాలలో జరిగి 2023లో వెలువడిన పరిశోధన తెలిపింది.

## చికిత్స

చిల్లుపడి చీము వ్యాపించినప్పుడు సిరద్వారా ద్రవాలు, యాంటీబయోటిక్ మందులు ఇచ్చి, త్వరగా శస్త్రచికిత్స చేసి ఉండుకాన్ని తొలగిస్తారు, చీమును తీసివేస్తారు. ముద్ద ఏర్పడి రోగి స్థిమితంగా ఉంటే చాలాచోట్ల మొదట మందులతోనే చికిత్స చేస్తారు. నాడి, జ్వరం, ముద్ద పరిమాణం గమనిస్తూ, పరిస్థితి విషమిస్తే శస్త్రచికిత్స చేస్తారు. పెద్ద చీముగడ్డలను అల్ట్రాసౌండ్ లేదా సీ.టీ. స్కాన్ సహాయంతో చర్మంగుండా గొట్టం పంపి ఖాళీ చేస్తారు. ముద్ద కరిగిన తరువాత 6 నుండి 8 వారాలకు అందరికీ ఉండుకాన్ని తొలగించడం పూర్వపు పద్ధతి. ఇప్పుడు అందరికీ అది అవసరమని భావించరు. అయితే 40 ఏళ్ళు దాటినవారిలో ముద్ద వెనుక కణితి దాగి ఉండవచ్చు కనుక పెద్దప్రేగు పరీక్ష, స్కాన్ చేయిస్తారు.

చిక్కులేని వ్యాధికి మందులతో మాత్రమే చికిత్స చేయడం కూడా ఇప్పుడు ఒక మార్గం. అమెరికాలో జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో ఇలా చికిత్స పొందినవారిలో 29 శాతం మందికి 90 రోజుల లోపే శస్త్రచికిత్స అవసరమైంది. మలపు ఉండ ఉన్నవారిలో ఉపద్రవాలు ఎక్కువగా కనిపించాయి.

## శస్త్రచికిత్స తరువాత కలిగే ఉపద్రవాలు

చిల్లుపడక ముందే ఉండుకాన్ని తొలగించినవారిలో ఉపద్రవాలు తక్కువ. చిల్లుపడిన తరువాత చేసినవారిలో ఇవి ఎన్నో రెట్లు అధికం.

* గాయానికి చీముపట్టుట: ఎక్కువగా కనబడే ఉపద్రవం ఇదే. సాధారణంగా 4 నుండి 7 రోజులలో కోతవద్ద ఎరుపు, వాపు, నొప్పి, చీము కనిపిస్తాయి. కుట్లు కొన్ని విప్పి చీమును పోనిస్తే చాలావరకు నయమవుతుంది. ల్యాపరోస్కోపీ పద్ధతిలో ఇది తక్కువ.
* కడుపులోపల చీముగడ్డ: శస్త్రచికిత్స జరిగిన వారం రోజుల ప్రాంతంలో మరల జ్వరం, నొప్పి, ఆకలి లేకపోవడం కలిగితే దీనిని అనుమానించాలి. చీము కటి కుహరంలో గాని, ప్రేగు చుట్టల మధ్య గాని, ఉదరవితానం క్రింద గాని చేరవచ్చు.
* ప్రేగుల స్తంభన: ప్రేగుల కదలిక మొదటి రోజులలో మందగించడం సహజం. అది కొనసాగి పొట్ట ఉబ్బి, వాంతులవుతుంటే లోపల చీము ఉన్నదేమో పరీక్షించాలి.
* రక్తస్రావం: ఉండుకానికి రక్తం చేర్చే ధమనిపై కట్టిన ముడి జారితే కడుపులోపల రక్తస్రావం జరుగుతుంది. ఇది అరుదు, కాని అత్యవసర పరిస్థితి.
* మలం కారుట: అంధనాళపు గోడ శోథతో మెత్తబడినచోట కుట్టు విడిపోతే గాయం గుండా మలం కారవచ్చు. ప్రేగు దిగువన అడ్డంకి ఏమీ లేకపోతే ఇది తరచు దానంతట అదే మూసుకొంటుంది.
* మిగిలిన మొదలుకు శోథ: ఉండుకపు మొదలు పొడవుగా మిగిలిపోతే ఎన్నో ఏళ్ళ తరువాత కూడా అదే వ్యాధి రావచ్చు. "అపెండిక్స్ తీసేశారు" అన్న కారణంచేత దీనిని గుర్తించడంలో ఆలస్యం జరుగుతుంది.
* అతుకుల వలన ప్రేగు అడ్డంకి: కడుపులోపల ఏర్పడే నారపోగులు ప్రేగును మెలిపెట్టడం వలన నెలలకు గాని, సంవత్సరాలకు గాని కలుగుతుంది.
* ఇతరాలు: కోతవద్ద హెర్నియా, ఊపిరితిత్తులలో శోథ, కాలి సిరలలో రక్తం గడ్డకట్టడం. త్వరగా లేచి నడవడం చివరి రెండింటినీ తగ్గిస్తుంది.

ఇంటికి పంపిన తరువాత జ్వరం, పెరుగుతున్న నొప్పి, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, గాయంనుండి చీము, జిగట విరేచనాలు కనిపిస్తే తిరిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

## చరిత్ర

కడుపు కుడివైపు చేరే చీముకు మూలం అంధనాళము కాదని, ఉండుకమేనని అమెరికా వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ 1886లో వివరించాడు. అపెండిసైటిస్ అనే పేరు ఆయన పెట్టినదే. నొప్పి ముఖ్యంగా ఉండే స్థానాన్ని చార్లెస్ మెక్‌బర్నీ 1889లో వర్ణించాడు.

1902 జూన్‌లో బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి రెండు రోజుల ముందు, ఫ్రెడరిక్ ట్రీవ్స్ ఆయన ఉండుకం వద్దనున్న చీముగడ్డను కోసి చీము తీశాడు. ఉండుకాన్ని తొలగించలేదు. రాజు కోలుకొని ఆగస్టు 9న పట్టాభిషిక్తుడయ్యాడు. ట్రీవ్స్ కుమార్తె అంతకు రెండేళ్ళ ముందు, 1900లో, ఇదే వ్యాధి ముదిరి మరణించింది. పచ్చజ్వరం దోమల వలన వ్యాపిస్తుందని నిరూపించిన బృందానికి నాయకత్వం వహించిన వాల్టర్ రీడ్, 1902 నవంబరులో ఉండుకం పగిలి, శస్త్రచికిత్స జరిగినా ఉదరవేష్టన శోథతో మరణించాడు. ప్రసిద్ధ ఐంద్రజాలికుడు హ్యారీ హుడీనీ 1926లో నొప్పి, జ్వరంతోనే ప్రదర్శన ఇచ్చి, ఆ తరువాతే శస్త్రచికిత్సకు అంగీకరించాడు. అప్పటికే ఉండుకం పగిలి ఉన్నది. ఉదరవేష్టన శోథతో ఆయన అక్టోబరు 31న మరణించాడు. అప్పటికి యాంటీబయోటిక్ మందులు లేవు. 1940 దశకంలో పెన్సిలిన్ వాడుకలోకి వచ్చిన తరువాత ఈ మరణాలు బాగా తగ్గాయి.

## ఇవి కూడా చూడండి

* ఉండుకము
* జీర్ణవ్యవస్థ
* పెద్దప్రేగు
* శస్త్రచికిత్స