ఇంగ్లిష్‌లో ‘ఓ’, నోటికి ‘ఉ’: ఉస్మాన్ పేరు కథ

ఉస్మాన్ అరబ్బీ పేరు. ఇస్లాం మూడో ఖలీఫా ఉస్మాన్ ఇబ్న్ అఫ్ఫాన్ (పాలన 644–656) పేరు కావడంతో సున్నీ ముస్లింలలో దేశదేశాలకూ పాకింది. తెలుగు పల్లెల్లో మాత్రం హుస్సేన్, మస్తాన్ వినిపించినంతగా ఉస్మాన్ వినిపించదు. అయినా ఈ పేరు తెలియని తెలుగువాళ్లు అరుదు. ఒక పాలకుడి పేరు హైదరాబాద్ నగరమంతా పరుచుకోవడమే అందుకు కారణం.

1886లో పుట్టిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో ఏడో నిజాంగా గద్దెనెక్కాడు. మూడో ఖలీఫా పేరు, నాలుగో ఖలీఫా పేరు ఆయన పేరులో పక్కపక్కనే ఉన్నాయి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయం ఉస్మాన్ సాగర్ అయింది. జనం నోట అది ఇప్పటికీ గండిపేటే. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం, మూసీ ఒడ్డున దవాఖానా, చివరికి చాయ్‌లో ముంచుకునే బిస్కెట్ కూడా ఉస్మానియాలే. అఫ్జల్‌గంజ్, బేగంబజార్‌ల పక్కన హోల్‌సేల్ వ్యాపారాలతో కిక్కిరిసే ఉస్మాన్‌గంజ్ కూడా ఆ వరసలోదే.

ఆయన కాలపు నాణెం ఒకటి చేతిలోకి తీసుకుంటే చార్మినార్ బొమ్మ కనిపిస్తుంది. దాని నడిమి కమాను కింద ఒక చిన్న అరబ్బీ అక్షరం ఉంటుంది. అది ‘ఐన్’, ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద అదే చోట ‘మీమ్’ ఉండేది.

పేచీ అంతా ఆ ఐన్ దగ్గరే మొదలవుతుంది. అరబ్బులు దాన్ని గొంతు లోతుల్లోంచి పలుకుతారు. ఉర్దూలో ఆ ధ్వని నిలవలేదు. దాని మీది అచ్చు ‘ఉ’ మాత్రమే మిగిలింది. రెండో హల్లును అరబ్బీలో నాలుక కొనను పళ్ల మధ్య పెట్టి పలకాలి. తెలుగు ‘థ’ అది కాదు. పారశీకం, తుర్కీ, ఉర్దూ మూడూ దాన్ని ‘స’ చేసుకున్నాయి. పారశీకులు, తురుష్కులు మొదటి అచ్చును ‘ఒ’ అంటారు. తుర్కీ సామ్రాజ్య స్థాపకుడు అందుకే ఒస్మాన్ అయ్యాడు. ఇంగ్లిష్ వాళ్లు ఆ పేరు నుంచే ‘ఆటోమన్’ అన్నారు. పశ్చిమ ఆఫ్రికాలో ఈ పేరు ఉస్మాన్‌గానే నిలిచింది. 2025లో బాలన్ డోర్ గెలిచిన, అక్కడి మూలాలున్న ఫ్రెంచ్ ఫుట్‌బాలర్ ఉస్మాన్ డెంబెలే పేరు అదే.

1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఈ రెండు ఉచ్చారణలూ వియ్యమందాయి. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రు షెహ్వార్‌ను నిజాం పెద్ద కొడుకు ఆజం జా పెళ్లాడాడు. వధువుది ఒస్మాన్ వంశం, వరుడు ఉస్మాన్ కొడుకు. అరబ్బీ లిపిలో రెండు పేర్లకూ అక్షరాలు అవే.

హైదరాబాద్ ఇంగ్లిష్ రాత ‘ఓ’ వైపు వెళ్లింది, నోరు ‘ఉ’ను వదల్లేదు. అందుకే ఉస్మానియా విద్యార్థి తన విశ్వవిద్యాలయాన్ని పొట్టిగా ‘ఓయూ’ అంటాడు, పూర్తిగా చెప్పాల్సి వస్తే ‘ఉ’తోనే మొదలుపెడతాడు. తెలుగు లిపి నగరం పలికినట్టే రాసింది, అదే సరైన పని. ఇంగ్లిష్ బోర్డు చూసి ‘ఓస్మాన్‌గంజ్’ అని రాసేవాళ్లు ఆ పేటలో ఒక్కసారి చెవి ఒగ్గి వినాలి. మొదటి అచ్చు పొట్టి ‘ఉ’, సాగదీయాల్సింది ‘మా’ని.