ప్రకృతి చికిత్స సంఘాలు: లైప్జిగ్ నుంచి భీమవరం దాకా

ప్రకృతి చికిత్సను ఒక వైద్యంగా నిలబెట్టింది వైద్యులు కాదు, రోగులు. పందొమ్మిదో శతాబ్దపు జర్మనీలో మందులతో విసిగిపోయినవాళ్లూ, నీళ్లతోనో ఉపవాసంతోనో కోలుకున్నవాళ్లూ ఒకచోట చేరి సంఘాలు పెట్టుకున్నారు. ఈ వైద్యానికి విశ్వవిద్యాలయం లేదు, పట్టా లేదు, రాజపోషణ అంతకన్నా లేదు. ఇవన్నీ చేయాల్సిన పనిని దాదాపు డెబ్బై ఏళ్లపాటు ఆ సంఘాలే చేశాయి.

ఈ కథకు మొదటి మనిషి విన్సెంట్ ప్రీస్నిట్స్ (1799–1851). ఆస్ట్రియా ఏలుబడిలోని సైలీషియాలో, గ్రేఫెన్‌బెర్గ్ అనే కొండపల్లె రైతు. కుర్రతనంలో బండి ప్రమాదంలో పక్కటెముకలు విరిగితే తడిగుడ్డల కట్లతో తనను తానే బాగుచేసుకున్నాడు. ఆ తర్వాత ఇరుగుపొరుగులకు, ఆపైన దూరదేశాల ప్రభువులకు చన్నీటి వైద్యం చేశాడు. 1830ల చివరికి ఏటా వెయ్యికి పైగా రోగులు ఆ కొండ ఎక్కేవారు. ప్రీస్నిట్స్ పుస్తకమేదీ రాయలేదు. ఆయన పద్ధతిని కాగితం మీద పెట్టి లోకానికి చాటింది అక్కడ బాగుపడి ఇళ్లకు వెళ్లినవాళ్లే. రోగి ప్రచారకుడవడం, ప్రచారకుడు చికిత్సకుడవడం ఇక్కడే మొదలైంది.

చట్టం కూడా కలిసివచ్చింది. 1869లో ఉత్తర జర్మన్ సమాఖ్య తెచ్చిన వృత్తుల చట్టం వైద్యాన్ని అందరికీ తెరిచింది. చదువుకున్న డాక్టరునని చెప్పుకోకూడదు గాని, రోగికి చికిత్స చేయడానికి ఎవరికీ అడ్డు లేదు. రెండేళ్లకు జర్మన్ సామ్రాజ్యం ఏర్పడితే ఆ వెసులుబాటు దేశమంతటికీ పాకింది. వడ్రంగులు, నేతగాళ్లు, బడిపంతుళ్లు చికిత్సకులయ్యారు. ఆ రోజుల్లో ఇంటింటి వైద్య గ్రంథంగా లక్షల ప్రతులు అమ్ముడుపోయిన పుస్తకం రాసిన ఫ్రీడ్రిక్ ఎడ్వర్డ్ బిల్ట్స్ కూడా మొదట మగ్గం మీద పనిచేసినవాడే.

సంఘం పని తీరు చాలా సాదా. సభ్యులు నెలకింత చందా కట్టేవారు. వారంలో ఏదో ఒక సాయంత్రం ఉపన్యాసం, ఆపైన ప్రశ్నలు. చిన్న గ్రంథాలయం ఉండేది. తొట్టి, ఆవిరి పెట్టె కొనలేని కుటుంబాలకు సంఘమే వాటిని వాడుకోనిచ్చేది. ఊరి బయట కాస్త స్థలం తీసుకుని ఎండ, గాలి తగిలేలా స్నానాల తోట వేసుకునేవారు. తడిపట్టీ ఎలా చుట్టాలి, జ్వరం వచ్చిన పిల్లవాడిని నీళ్లలో ఎంతసేపు ఉంచాలి అన్నవి ఒక తల్లి మరో తల్లికి చూపించి నేర్పేది. 1889లో ఈ సంఘాలన్నీ ఒక జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముందు నాటికి దాని కింద ఎనిమిది వందలకు పైగా సంఘాలు, సుమారు లక్షన్నర మంది సభ్యులు ఉన్నారు. ఎక్కువమంది చేతివృత్తులవాళ్లు, ఫ్యాక్టరీ కార్మికులు, చిరుద్యోగులు. బవేరియాలో ఇదే కాలంలో సెబాస్టియన్ క్నైప్ అనే క్రైస్తవ గురువు పేరు మీద వేరే సంఘాలు వెలిశాయి. వాటిలో మొదటిది 1890లో ఆయన ఊరు వోరిస్‌హోఫెన్‌లోనే పుట్టింది.

తెలుగువాళ్లకు ఈ ఉద్యమంలో బాగా తెలిసిన పేరు లూయీ కూనే. ఆయన వైద్యమే సంఘం బిడ్డ. తల్లిదండ్రులను జబ్బులు బలిగొన్నాయి. తనకూ ఊపిరితిత్తుల్లో పోట్లు, భరించలేని నరాల బాధ. 1864లో లైప్జిగ్‌లో ప్రకృతి చికిత్స అభిమానుల సమావేశం జరుగుతుందన్న ప్రకటన పత్రికలో చూసి వెళ్లానని ఆయనే తన గ్రంథంలో చెప్పుకున్నాడు. పదిమందిలో గట్టిగా మాట్లాడే ధైర్యం కూడా చాలక, తన పోట్లకు ఏం చేయాలో పక్కనున్నవాళ్లలో ఒకరిని మెల్లగా అడిగాడట. తడిపట్టీ వేసుకోమని జవాబు. వెంటనే ఉపశమనం కలిగింది. అప్పటినుంచి ఆ సమావేశాలు వదల్లేదు. కొయ్యపని తెలిసిన ఈ మనిషి దాదాపు ఇరవై ఏళ్లు తన మీద, తోటివాళ్ల మీద ప్రయోగాలు చేసి, 1883లో లైప్జిగ్‌లో సొంత చికిత్సాలయం తెరిచాడు.

కూనే సిద్ధాంతం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: జబ్బులన్నీ ఒకటే, శరీరంలో పేరుకున్న మలిన పదార్థమే దానికి కారణం. ఆ మలినాన్ని బయటికి పంపడానికి ఆయన చెప్పినవి కటి స్నానం, ఆవిరి స్నానం, ఎండ, మసాలాలు లేని శాకాహారం. కటి స్నానంలో రోగి బొడ్డు దాకా చన్నీళ్లుండే తొట్టిలో కూర్చుని, కాళ్లు బయటపెట్టి, ముతక గుడ్డతో పొత్తికడుపు రుద్దుకోవాలి. దీనికి నేర్పరి అవసరం లేదు, ఖర్చు లేదు. సంఘాల మధ్య పెరిగిన వైద్యానికి ఇంతకన్నా తగిన చికిత్స ఉండదు.

అయితే సంఘం బలమే దాని బలహీనత కూడా. సమావేశంలో లేచి మాట్లాడేవాడు బాగుపడినవాడే. బాగుపడనివాడు రావడం మానేస్తాడు, చనిపోయినవాడు రాలేడు. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని చూపించాక కూడా కూనే అనుచరులు జబ్బులన్నిటికీ ఒకటే మూలమన్న మాట విడవలేదు. 1874 చట్టం తప్పనిసరి చేసిన మశూచి టీకాను ఈ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఆ విషయంలో వాళ్లది తప్పేనని ఆ తర్వాతి చరిత్ర నిస్సందేహంగా తేల్చింది. మరోవైపు తిండి, నిద్ర, గాలి, నడక గురించి వాళ్లు చెప్పినవి ఈనాటి డాక్టర్లూ చెబుతున్నారు.

కూనే గ్రంథం 1894లోనే తెలుగులోకి వచ్చింది. అనువదించినవారు ద్రోణంరాజు వెంకటచలపతిశర్మ. హిందీ, ఉర్దూ పాఠకులు మరో పదేళ్లు ఆగాల్సివచ్చింది. భారతదేశంలో ప్రకృతి చికిత్స చరిత్రను సాధారణంగా ఈ తెలుగు అనువాదం నుంచే లెక్కిస్తారు. లంఖణం పరమౌషధమని ముందే నమ్మిన నేలమీద ఉపవాసం, పథ్యం కొత్తగా తోచి ఉండవు. తొట్టిలో కూర్చోవడమే కొత్త. జర్మనీలో సంఘం ముందు పుట్టి పుస్తకం తర్వాత వస్తే, ఇక్కడ పుస్తకమే ముందు వచ్చింది. సంఘం దాని వెనక నెమ్మదిగా నడిచింది.

ఆ నడకకు ఊపునిచ్చింది గాంధీ. 1902లో బొంబాయిలో కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్ వస్తే, డాక్టరు చెప్పిన గుడ్లు, కోడి రసం కాదని కూనే పద్ధతిలో తొట్టి స్నానాలు చేయించాడు, నీళ్లు కలిపిన నారింజ రసం పట్టించాడు. ఒక దశలో జ్వరం 104 డిగ్రీలకు పోయింది. పిల్లవాడు బతికాడు; తన చికిత్స వల్లనో, దైవకృప వల్లనో ఎవరు చెప్పగలరని గాంధీయే ఆత్మకథలో సందేహం వెలిబుచ్చాడు. ప్రచారకుల్లో అరుదైన నిజాయితీ అది. మట్టిపట్టీలను మాత్రం మరో జర్మన్, అడాల్ఫ్ యూస్ట్ పుస్తకం చదివి నేర్చుకున్నాడు. 1946లో పుణె దగ్గర ఉరుళీకాంచన్‌లో పల్లె పేదల కోసం ప్రకృతి చికిత్స కేంద్రం ప్రారంభించి, దాన్ని మణిభాయి దేశాయికి అప్పగించాడు.

తెలుగునాట ఈ వైద్యం ఆశ్రమం రూపం తీసుకుంది. భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు నడిపిన ప్రకృతి ఆశ్రమం అందులో పేరుపొందింది. హైదరాబాద్‌లో డాక్టర్ బి. వెంకటరావు, డాక్టర్ విజయలక్ష్మి దంపతులు 1949లో ప్రకృతి చికిత్సాలయం స్థాపించారు. ఆశ్రమంలో రోగి మంచం పట్టి పడుకోడు. తెల్లవారుజామునే లేవాలి, మట్టిపట్టీ వేసుకోవాలి, ఉప్పు లేని కూర తినాలి. ఇంటి దగ్గర ఒక్కరే అయితే మూడోనాటికి విడిచిపెట్టే నియమాలివి. పదిమంది అదే కూర తింటున్నప్పుడు పట్టుదల దానంతటదే వస్తుంది. లైప్జిగ్‌లో సాయంకాలపు సమావేశం చేసిన పనిని ఇక్కడ ఆశ్రమ పంక్తిభోజనం చేసిందనవచ్చు.

1956లో చికిత్సకులు, అభిమానులు కలిసి అఖిల భారత ప్రకృతి చికిత్సా పరిషత్తును ఏర్పరచుకున్నారు. తర్వాతి అడుగు కళాశాల. 1970ల తొలినాళ్లలో హైదరాబాద్‌లో వెంకటరావు దంపతుల చొరవతోనే ప్రకృతి చికిత్సా కళాశాల మొదలై, తరవాత గాంధీ పేరుతో నిలిచింది. 1978లో కేంద్ర ప్రభుత్వం యోగ, ప్రకృతి చికిత్సల పరిశోధనకు ప్రత్యేక మండలి నెలకొల్పింది. నేడు ప్రకృతి చికిత్స శిక్షణ కాలంతో కలిపి అయిదున్నరేళ్ల డిగ్రీ చదువు. శరీర నిర్మాణ శాస్త్రం, రోగ నిదానం అందులో తప్పనిసరి పాఠాలు.

జర్మనీలో మాత్రం కథ వేరే దారి పట్టింది. 1930లలో నాజీ ప్రభుత్వం సంఘాలను తన అదుపులోకి తెచ్చుకుంది. 1939 చట్టంతో అనుమతి పొందినవాళ్లు తప్ప మరెవరూ చికిత్స చేయకూడదయింది. డెబ్బై ఏళ్ల కిందట మామూలు మనిషికి తెరిచిన తలుపును అలా మూసేశారు. ఆ చట్టం సవరణలతో ఇప్పటికీ అమల్లో ఉంది.