హైదరాబాద్ ఫుట్‌బాల్ టీమ్‌ని ఎవరు కొన్నారు? ఢిల్లీకి ఎలా వెళ్లిపోయింది? కోనసీమ ఫ్యాన్స్‌కి పూర్తి వివరాలు

• 2022లో ఐఎస్ఎల్ కప్ కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ
• మెగాస్టార్ కేరళ టీమ్‌లో వాటా తీసుకున్నారు.. మరి మన టీమ్‌లో ఎందుకు తీసుకోలేదు?
• ఓనర్ మారితే టీమ్ ఊరు కూడా మారుతుందా? ఫ్యాన్స్ చేతిలో ఏముంది?

అమలాపురం: "మన టీమ్‌ని ఎవరైనా తెలుగోళ్లు కొంటే బాగుండేది కదా!" హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు ఎత్తితే చాలు, ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్లు అనే మొదటి మాట ఇదే. రానా ఉన్నాడు కదా అని ఒకరు, మెగా ఫ్యామిలీ తల్చుకుంటే ఎంతసేపు అని ఇంకొకరు. వాదన మాత్రం తెగదు.

ఈలోగా టీమ్ చేతులు మారింది, ఊరు మారింది, చివరికి పేరు కూడా మారింది. అసలు ఒక ఫుట్‌బాల్ టీమ్‌ని కొనడం అంటే ఏం కొన్నట్టు? మొదటి నుంచి చూద్దాం.

కోనసీమకు ఈ టీమ్‌తో ఏం సంబంధం?

ఐఎస్ఎల్.. అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఇప్పటిదాకా ఒక్క టీమ్ కూడా ఆడలేదు. రాజోలు అయినా, కొత్తపేట అయినా, మన వాళ్లకి దగ్గరగా అనిపించిన టీమ్ హైదరాబాద్ ఎఫ్‌సీ ఒక్కటే.

ఇంకో సంబంధం కూడా ఉంది. ఆ టీమ్ సొంత మైదానం గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం. బాలయోగి మన అమలాపురం ఎంపీ, ఐ.పోలవరం మండలం ఎదుర్లంక వాసి. 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళిత నేత ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. అదే ఏడాది హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడల కోసం సిద్ధమైన గచ్చిబౌలి స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. అంటే ఈ టీమ్ హోమ్ మ్యాచ్ ఆడిన ప్రతిసారీ టీవీ స్క్రీన్ మీద కోనసీమ బిడ్డ పేరే కనిపించేది.

టీమ్ అసలు ఎలా వచ్చింది?

చాలామందికి తెలియని పాయింట్ ఇదే. హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక్కడ పుట్టిన క్లబ్ కాదు. 2019 ఆగస్టులో డబ్బు కష్టాలతో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడింది. లీగ్‌లో దాని స్థానం హైదరాబాద్‌కి వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని ఓనర్లుగా ముందుకొచ్చారు. తర్వాత హీరో రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరారు.

మనం పండగ చేసుకున్న రోజునే పుణె ఫ్యాన్స్‌కి టీమ్ లేకుండా పోయింది. ఆరేళ్ల తర్వాత అదే మన వంతు అయింది.

ఆరు సీజన్లు ఎలా గడిచాయంటే..

• 2019-20: 18 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 10 పాయింట్లు. ఆఖరి స్థానం.
• 2020-21: కోచ్‌గా స్పెయిన్‌కి చెందిన మనోలో మార్క్వెజ్ వచ్చారు. టీమ్ దారిలో పడింది. కోవిడ్ వల్ల సీజన్ మొత్తం గోవాలోనే.
• 2021-22: ఛాంపియన్! 2022 మార్చి 20న ఫటోర్డా స్టేడియంలో ఫైనల్. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు 1-1 అయింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1తో కప్ మనదే. 18 గోల్స్‌తో ఒగ్బెచే గోల్డెన్ బూట్ అందుకున్నాడు.
• 2022-23: లీగ్‌లో 42 పాయింట్లతో రెండో స్థానం.
• 2023-24: 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. మళ్లీ ఆఖరి స్థానం.
• 2024-25: కొత్త ఓనర్ కింద హైదరాబాద్ పేరుతో చివరి సీజన్.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కప్ కొట్టిన సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. కోవిడ్ రూల్స్ వల్ల అన్నీ గోవాలోనే. ఊళ్లో ఊపు రావాల్సిన టైమ్‌లో గచ్చిబౌలి గేట్లు మూసే ఉన్నాయి. ఫ్యాన్స్ పెరగాల్సిన రెండేళ్లు అలా టీవీ ముందే గడిచిపోయాయి.

డబ్బు ఎక్కడ ఆగింది?

2023-24 సీజన్‌లో జీతాలు ఆగిపోయాయి. ఆటగాళ్లు, కోచింగ్ సిబ్బంది బకాయిల కోసం ఫిర్యాదులు చేశారు. దాంతో ఫిఫా నుంచి ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది. అంటే పాత బాకీలు కట్టేదాకా కొత్త ప్లేయర్‌ని రిజిస్టర్ చేసుకోవడం కుదరదు. సీజన్ మధ్యలోనే కోచ్ కోనర్ నెస్టర్ వెళ్లిపోయారు. విదేశీ ఆటగాళ్లలో దాదాపు అందరూ సర్దుకున్నారు. చివరికి కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో కింద కుర్రాళ్లతోనే సీజన్ గట్టెక్కించాల్సి వచ్చింది.

ఛాంపియన్ టీమ్ రెండేళ్లలో ఇలా అయిపోతుందని ఎవరూ అనుకోలేదు. "ఎవరు కొంటారు?" అనే చర్చ మొదలైంది అప్పుడే.

మెగాస్టార్ మన టీమ్ ఎందుకు కొనలేదు?

గోదావరి జిల్లాల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల దిగితే నరసాపురం. అక్కడికి దగ్గరే చిరంజీవి సొంతూరు మొగల్తూరు. అల్లు వారిది పాలకొల్లు. మరి వాళ్లు కేరళ టీమ్‌లోకి ఎందుకు వెళ్లారు?

జవాబు సింపుల్. 2016 జూన్‌లో సచిన్ టెండూల్కర్‌తో కలిసి చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ కేరళ బ్లాస్టర్స్‌లో వాటా తీసుకున్నారు. అప్పటికి ఐఎస్ఎల్‌లో హైదరాబాద్ టీమే లేదు. ఈ నలుగురూ అంతకుముందు మా టీవీలో భాగస్వాములు. 2015లో ఆ ఛానళ్లను స్టార్ ఇండియాకు అమ్మారు.

2018 సెప్టెంబర్‌లో సచిన్ తన 20 శాతం వాటా వదిలేశారు. లులూ గ్రూప్ కొనేస్తోందని కేరళ అంతా ప్రచారం. అదేం లేదని క్లబ్ ప్రకటించింది. సచిన్ వాటా చిరంజీవి, అల్లు అరవింద్ అండగా ఉన్న ఐక్వెస్ట్ దగ్గరికే వచ్చిందని తేల్చింది. అంటే 2022 ఫైనల్‌లో హైదరాబాద్ ఓడించింది తెలుగువాళ్ల డబ్బు ఉన్న కేరళ టీమ్‌నే!

ఓనర్ది ఏ ఊరు అన్నదాన్ని బట్టి టీమ్ ఊరు తేలదు. క్రికెట్‌లోనూ అంతే. శ్రీకాకుళం ప్రాంతం రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ గ్రూప్ ఐపీఎల్‌లో ఢిల్లీ టీమ్‌లో భాగస్వామి.

చివరికి కొన్నది ఎవరు?

2024లో బీసీ జిందాల్ గ్రూప్ టీమ్‌ని తీసుకుంది. ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అవుతున్నారు. బెంగళూరు ఎఫ్‌సీని నడిపేది జేఎస్‌డబ్ల్యూ, అంటే సజ్జన్ జిందాల్ గ్రూప్. అది వేరు, ఇది వేరు.

కొత్త ఓనర్ రాగానే ఫ్యాన్స్ ఊపిరి పీల్చుకున్నారు. టీమ్ బతికింది అన్నారు. నిజమే, బతికింది. కానీ 2025 అక్టోబర్‌లో ఢిల్లీకి మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ పేరుతో బరిలోకి దిగింది.

ఇక్కడ ఇంకో ట్విస్ట్ ఉంది. ఢిల్లీ కూడా ఒకప్పుడు టీమ్ పోగొట్టుకున్నదే. 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే ఏడాది పుణె స్థానం హైదరాబాద్‌కి వచ్చింది. 2025లో హైదరాబాద్ టీమ్ ఢిల్లీకి చేరింది. పుణె ఫ్యాన్స్ మాత్రం అలాగే మిగిలిపోయారు.

అసలు ఓనర్ ఏం కొంటారు?

సినిమా రైట్స్ కొన్నట్టే అనుకోండి. కొనేవాళ్ల చేతికి ముఖ్యంగా వచ్చేవి ఇవి:

• లీగ్‌లో ఆడే హక్కు: అసలు విలువ దీనిదే.
• ఆటగాళ్ల కాంట్రాక్టులు: ఎంతమంది మిగిలి ఉంటే అంత.
• పాత బాకీలు: ఇవి తేలకపోతే ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పోదు.
• పేరు, లోగో: ఉంచుకోవచ్చు, లీగ్ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు.

ఈ లిస్టులో స్టేడియం లేదు, గచ్చిబౌలి ప్రభుత్వానిది. ఫ్యాన్స్ కూడా లేరు. ఊరు మార్చాలంటే ఫెడరేషన్, లీగ్ ఒప్పుకోవాలి కానీ ఫ్యాన్స్ ఓటు అక్కర్లేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. "ఎవరు కొంటారు" అని వాదించుకున్నాం కానీ "కొన్నాక ఇక్కడే ఉంచుతారా" అని గట్టిగా అడిగిన వాళ్లు తక్కువ.

ఫ్యాన్స్ అడ్డుకున్న చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి. కోల్‌కతానే చూడండి. 1889లో పుట్టిన మోహన్ బగాన్ 2020లో ఏటీకేతో కలిసింది. పేరు ముందు ఆ మూడక్షరాలు తీసేయాలని ఫ్యాన్స్ ఏళ్ల తరబడి గొడవ చేశారు. 2023లో ఆ పేరు తీసేశారు. ఈస్ట్ బెంగాల్‌లో 2021లో ఇన్వెస్టర్‌తో అగ్రిమెంట్ మీద ఫ్యాన్స్ రోడ్డెక్కారు, లాఠీచార్జ్ దాకా వెళ్లింది. ఓనర్లు మారినా ఆ రెండు క్లబ్‌లు ఊరు దాటలేదు. వందేళ్లు దాటిన క్లబ్‌లు, సభ్యులు ఉన్నారు, స్టాండ్స్ నిండుతాయి.

గల్ఫ్‌లో ఉన్న మన కోనసీమ వాళ్లకి ఇంకో ఉదాహరణ బాగా తెలుసు. మాంచెస్టర్ సిటీ 2008 నుంచి అబుదాబి వాళ్లది. పీఎస్‌జీ 2011 నుంచి ఖతార్ వాళ్లది. డబ్బు అక్కడిది, టీమ్ మాత్రం మాంచెస్టర్‌లో, పారిస్‌లోనే ఉంది.

జర్మనీలో అయితే రూలే ఉంది. చాలా క్లబ్‌లలో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలి. దాన్నే 50+1 అంటారు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ టీమ్‌ని 2003లో మిల్టన్ కీన్స్‌కి తీసుకెళ్లారు. ఫ్యాన్స్ అంతకుముందే, 2002లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. కింది లీగ్‌ల నుంచి ఎక్కుతూ 2011లో ప్రొఫెషనల్ లీగ్‌కి చేరారు.

ఇప్పుడు తెలుగు ఫ్యాన్స్‌కి ఏం మిగిలింది?

హైదరాబాద్‌లో శ్రీనిధి డెక్కన్ ఉంది. 2021-22లో ఐ-లీగ్‌లోకి వచ్చి, 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానంలో నిలిచింది.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్త కాదు కూడా. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ పోలీస్ టీమ్. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఇండియాకి 1951, 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిందీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిందీ ఆయనే.

రేపు ఇంకో టీమ్ వస్తే అడగాల్సిన 5 ప్రశ్నలు

హైదరాబాద్‌లో అయినా, వైజాగ్‌లో అయినా, కొత్త టీమ్ అని ప్రకటన వచ్చిన రోజే ఇవి అడగండి:

1. ఇది కొత్త క్లబ్బా, ఇంకో ఊరి నుంచి తెచ్చిన స్థానమా?
2. సెలబ్రిటీ పక్కన అసలు పెట్టుబడి పెట్టేది ఎవరు?
3. పాత ఆటగాళ్ల, సిబ్బంది బకాయిలు ఎవరు కడతారు?
4. స్టేడియం ఒప్పందం ఎన్నేళ్లకి?
5. జిల్లాల్లో కుర్రాళ్ల కోసం అకాడమీ పెడతారా?

ఐదో ప్రశ్న చిన్నదిగా కనిపించొచ్చు. కానీ అమలాపురం కుర్రాడో, రాజోలు కుర్రాడో అదే టీమ్‌లో ఆడుతుంటే, దాన్ని ఇంకో ఊరికి తరలించడం ఏ ఓనర్‌కైనా అంత తేలిక కాదు.