కంచు గడియారం

నౌకాదళంలో పనిచేసిన మనవాళ్ళకు కంచు కొత్త కాదు. ఓడల ప్రొపెల్లర్లను నికెల్, అల్యూమినియం కలిసిన కంచుతో పోత పోస్తారు. ఇత్తడి అయితే ఉప్పునీళ్ళలో జింకు పోయి గుల్లబారుతుంది.

గడియారాల్లోకి మాత్రం ఇది ఆలస్యంగా వచ్చింది. 1980లలో జెరాల్డ్ జెంటా కంచు కేసుతో గెఫికా చేశాడు. 2011లో పనెరాయ్ వాళ్ళు రాగి, తగరం కలిపిన కంచుతో వెయ్యి డైవింగ్ గడియారాలు చేశాక అసలు మోజు మొదలైంది. 2016లో ట్యూడర్ అల్యూమినియం కంచు వాడింది. దాని మీద సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడి రంగు మారడం నిదానిస్తుంది. చర్మానికి పచ్చ అంటకుండా వెనక మూత టైటానియంతోనో స్టీలుతోనో పెడతారు.

రిటైరై కుమ్హారిలో స్థిరపడ్డాక నేనూ ఒకటి కొన్నాను. బంగారంలా మెరిసేది. ఒక్క వర్షాకాలానికే గోధుమరంగు తిరిగి, మూలల్లో పచ్చ పట్టింది. అడిగితే "అదే దాని అందం సార్" అన్నాడు అమ్మినాయన. ఆ ముక్క డబ్బు తీసుకునే ముందు చెప్పాలి కదండీ!

మా అమ్మ శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయి వచ్చేటప్పుడు బూడితి కంచు చెంబు తెచ్చుకుంది. నల్లబడితే చింతపండు పెట్టి తోమేది, అంతే. కంచుకు అది సహజమని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నేను గడియారానికి ఒక పక్క తోమి, రెండో పక్క వదిలేశాను. మా ఆవిడకు తోమిన పక్కే నచ్చింది.