ప్రత్యర్థి పుస్తకంలో బతికిన మాట: ఏథెన్సు నుంచి ఉత్తరాంధ్ర దాకా

ఉత్తరాంధ్రలోని కొత్తవలసకు దక్షిణాన సింహాచలం. ఈశాన్యాన విజయనగరం దాటితే రామతీర్థం. తూర్పున భీమిలి తీరం వెంట పావురాలకొండ, తొట్లకొండ, బావికొండ. నైరుతిలో శంకరం బొజ్జన్నకొండ. రెండు వేల ఏళ్లకు పైగా బౌద్ధం, జైనం, వేదాంతం ఈ నేల మీదే ఎదురుపడ్డాయి, వాదించుకున్నాయి. ఆ వాదాల్లో మన దాకా వచ్చినవి ఎలా వచ్చాయో చూస్తే గ్రీకుల కథా మన కథా ఒకటే అనిపిస్తుంది.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఏథెన్సులో ప్లేటో అకాడమీ, అరిస్టాటిల్ లైసియం వెలిశాయి. ఆ శతాబ్దం ముగిసేసరికి ఎపిక్యూరస్ తోట, జీనో స్టోవా వాటికి పోటీగా నిలిచాయి. క్రీ.పూ. 155లో అకాడమీ పెద్ద కార్నియాడిస్ రోముకు రాయబారిగా వెళ్లి, ఒకరోజు న్యాయాన్ని సమర్థిస్తూ, మర్నాడు దాన్నే ఖండిస్తూ ఉపన్యసించాడు. స్టోవాకు చెందిన క్రిసిప్పస్ 700కు పైగా గ్రంథాలు రాశాడని ప్రతీతి. ఒక్కటీ పూర్తిగా మిగల్లేదు. ఆయన ఏమన్నాడో మనకు తెలియడానికి ప్లూటార్క్, గాలెన్ వంటివాళ్లు చాలావరకు కారణం. ఆయన్ని ఖండించడానికే వాళ్లు ఆయన మాటల్ని ఉటంకించారు. క్రీ.శ. 176లో రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ ఏథెన్సులో నాలుగు సంప్రదాయాలకూ జీతమిచ్చి ఆచార్యుల్ని నియమించాడు. 529లో జస్టీనియన్ అక్కడ తత్వబోధననే నిషేధించాడు.

రోముతో మన తీరానికి ఓడల సంబంధం ఉండేది. తొట్లకొండ తవ్వకాల్లో సాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. ఆ రోజుల్లో ఆంధ్రదేశంలో పూర్వశైలులు, అపరశైలులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అనే బౌద్ధశాఖలు వర్ధిల్లాయి. పాళీ వ్యాఖ్యాతలు వాళ్లందరినీ కలిపి అంధకులన్నారు. వాళ్ల సిద్ధాంతాల్లో మనకు తెలిసినవి చాలావరకు థేరవాదుల కథావత్థు, దాని వ్యాఖ్య వల్లే తెలుస్తున్నాయి. వాళ్ల తప్పులు ఎత్తిచూపిన పుస్తకమే వాళ్ల మాటను దాచింది.

సాతవాహనుల కాలంవాడని పండితులు చెప్పే నాగార్జునుడు ప్రత్యర్థి మాటను చెప్పి ఖండించే ఈ పద్ధతికి శిఖరం. విగ్రహవ్యావర్తనిలోని 70 కారికల్లో మొదటి 20 ప్రత్యర్థి ఆక్షేపణలకే ఇచ్చేశాడు. సమాధానం ఆ తర్వాతే. కాస్త అటూఇటూగా అదే కాలంలో గ్రీకు సంశయవాది సెక్స్టస్ కూడా అన్ని సంప్రదాయాల వాదనలనూ వరసగా వినిపించి మరీ ప్రశ్నించాడు.

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండంలో బౌద్ధంలో వచ్చిన మార్పులు రాతిలో కనిపిస్తాయి. మొదట స్తూపాలు, ఆపైన బుద్ధ విగ్రహాలు, చివరికి తార, మారీచి దేవతల విగ్రహాలు. రామతీర్థంలోనైతే గురుభక్తులకొండ మీద బౌద్ధారామం, పక్కకొండ మీద జైనుల నివాసం ఉండేవి. తర్వాత వేదాంతుల కాలం వచ్చింది. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు గాంగుల పాలనలో అధికారం నెరపారు. ఆయన 1281 నాటి శాసనం శ్రీకూర్మంలో ఉంది.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి కథ. ఆయన హేతువిద్య రచించిన కొండ వేంగికి దగ్గర్లోనే ఉందని 7వ శతాబ్దంలో చీనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ రాశాడు. తర్వాత దిఙ్నాగుడి సంస్కృత మూలాలు చాలావరకు పోయాయి. చీనా, టిబెటన్ అనువాదాలు నిలిచాయి. ఇక్కడ మాత్రం ఆయన వాక్యాలు చాలావరకు ఆయన్ని ఖండించిన నైయాయికుల వంటివాళ్ల గ్రంథాల్లో మిగిలాయి. విజయనగరం రాజుల పోషణలో కాశీలో అచ్చయిన విజయనగర సంస్కృత గ్రంథమాల అలాంటి గ్రంథాలను వెలికి తెచ్చింది. 1895లో జయంతభట్టు న్యాయమంజరి, 1898లో వాచస్పతి తాత్పర్యటీక వచ్చాయి. వాటి పరిష్కర్త గంగాధరశాస్త్రి తైలంగ్ తెలుగు మూలాలవారే. ఆస్తికుల తర్కాన్ని అచ్చు వేయించిన ఆ పోషణే వేంగి బౌద్ధుడి గొంతును కూడా వినిపించింది. ఆ విజయనగరం సంస్థానమే 1860లో విజయనగరంలో సంస్కృత పాఠశాల పెట్టింది. 1890-92లో మాక్స్ ముల్లర్ ఋగ్వేద ద్వితీయ ముద్రణకు ఖర్చు భరించింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1931 నుంచి 1936 దాకా తత్వవేత్త సర్వేపల్లి రాధాకృష్ణన్ దానికి ఉపకులపతిగా ఉన్నారు. తర్వాతి తరంలో అక్కడే కొత్త సచ్చిదానందమూర్తి అద్వైతం మీదా నాగార్జునుడి మీదా రాశారు.

రాజులు పోయినా, ఆరామాలు కూలినా, వాదం నిలవడానికి ఆధారమైంది ప్రత్యర్థి నిజాయితీ. ఎదుటివాడి మాటను వక్రీకరించి గెలిచిన చోట ఇద్దరి మాటా మిగలదు. మన కాలేజీల్లో తత్వశాస్త్రం మళ్లీ వికసించాలని కోరుకునేవాళ్లు నాగార్జునుణ్ని, సెక్స్టస్‌ను తెలుగులో పక్కపక్కన పెట్టి చదివించాలి. పాఠాన్ని నచ్చని వాదంతో మొదలుపెట్టాలి. ఆ వాది వచ్చి విన్నా, తన మాట ఇదేనని ఒప్పుకునేలా చెప్పడం విద్యార్థికి నేర్పాలి.